బాబాయ్ గారి ఆర్సాట్

గొడవ మొదలైంది ఒక కొమ్మ నీడ దగ్గర. మా డాబా మీద సోలార్ ప్యానెళ్ళు పెట్టించిన మూడో నెలలో, సాయంత్రం నాలుగు దాటాక కరెంటు ఒక్కసారిగా పడిపోతోందని గమనించాను. పైకెక్కి చూస్తే పక్కింటి వేపచెట్టు కొమ్మ నీడ సరిగ్గా రెండు ప్యానెళ్ళ మీద పడుతోంది. కాలనీ వాట్సాప్ గ్రూపులో మర్యాదగానే పెట్టాను, "బాబాయ్ గారూ, ఆ పక్క కొమ్మలు కొంచెం కొట్టించగలరా?" అని. ఆయన జవాబు: "చెట్టు నరికి భూమిని కాపాడతావా అమ్మా?"

దాని కింద నవ్వు బొమ్మలు వరసగా పడ్డాయి. నాకు మండింది.

బాబాయ్ గారు అంటే నాకు చుట్టమేమీ కాదు. గోడకి అటువైపు ఉంటారు, నేను వచ్చినప్పటినుంచీ అలాగే పిలుస్తాను. బొగ్గుతో నడిచే కరెంటు ప్లాంటులో బాయిలర్ సెక్షన్లో పనిచేసి రిటైరయ్యారు. ఆ సంగతి గ్రూపులో అందరికీ తెలుసు. నేనేం రాశానంటే, "జీవితమంతా బొగ్గు కాల్చినవాళ్ళకి చెట్ల మీద ప్రేమ ఇప్పుడు పుట్టుకొచ్చిందా?" అంతటితో ఆగానా, లేదు. అంతకు వారం ముందు వచ్చిన తుఫాను కూడా ఇలాంటివాళ్ళ పుణ్యమే అని ఇంకో మెసేజ్ తగిలించాను. పదకొండు మంది బొటనవేలు చూపించారు. చిలికి చిలికి గాలివాన అయింది. ఎవరో భూతాపం అంతా బూటకమన్నారు, ఇంకెవరో వాళ్ళని చదువురానివాళ్ళన్నారు, రాత్రి పదకొండుకి అడ్మిన్ గ్రూపుకి తాళం వేశాడు.

బాబాయ్ గారు మాత్రం నా మెసేజ్ తర్వాత ఒక్క ముక్క రాయలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం అదే అని ఇప్పుడు చెప్పగలను. అప్పుడైతే ఉక్కపోత అనుకున్నాను.

మర్నాడు ఆయన నుంచి విడిగా ఒక మెసేజ్ వచ్చింది. పెద్దది, ఫుల్‌స్టాపులతో సహా టైపు చేసింది. సారాంశం ఇది: "నిన్న నేనన్నది వెటకారం, నువ్వన్నది అవమానం. రెండూ వదిలేద్దాం. భూతాపం గురించి నాకు నిజంగానే కొన్ని సందేహాలున్నాయి. నువ్వు చదువుతావు కాబట్టి అడుగుతాను. జనం ముందు వద్దు, జనం ఉంటే ఇద్దరం గెలవాలని చూస్తాం. ఒకసారికి ఒక్క ప్రశ్న. జవాబు కనీసం ఒక రాత్రి ఆగి ఇవ్వాలి. జవాబు ఇచ్చేముందు అవతలివాళ్ళు ఏమన్నారో మన మాటల్లో రాయాలి, వాళ్ళు 'అదే నేనన్నది' అంటేనే ముందుకెళ్ళాలి. వాయిస్ మెసేజ్‌లు వద్దు, గొంతు లేస్తుంది."

ఆ చివరి షరతు చదివి నవ్వొచ్చింది. సరే అన్నాను. అలా మొదలై ఏడు నెలలు నడిచింది. రోజూ ఎదురుపడేవాళ్ళం, గోడ మీదుగా నీళ్ళ మోటారు గురించి మాట్లాడుకునేవాళ్ళం, ఈ విషయం మాత్రం ఒక్కసారి కూడా నోటితో ఎత్తలేదు. ఎవరూ పెట్టని నియమం అది, దానంతటదే ఏర్పడింది.

మొదటి ప్రశ్న ఆయనదే. "గాల్లో కార్బన్ డయాక్సైడ్ లక్ష భాగాల్లో 42. ఇంత చిటికెడు గ్యాస్ ఇంత పెద్ద భూమిని ఎలా వేడెక్కిస్తుంది?"

నేను ఆడిటర్ని, సైంటిస్టుని కాదు. అయినా చదివినది రాశాను. గాల్లో 99 శాతం నైట్రోజన్, ఆక్సిజన్. భూమి పైకి వదిలే వేడి కిరణాలని ఈ రెండూ దాదాపు ఆపవు, వదిలేస్తాయి. ఆపేవన్నీ ఆ మిగిలిన కొంచెంలోనే ఉన్నాయి: నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, మీథేన్ లాంటివి. యూనిస్ ఫుట్ అనే ఆవిడ 1856లోనే గాజు గొట్టాల్లో గ్యాసులు నింపి ఎండలో పెట్టి చూస్తే కార్బన్ డయాక్సైడ్ ఉన్న గొట్టం అన్నిటికన్నా ఎక్కువ వేడెక్కింది. 1859లో జాన్ టిండాల్ వేడి కిరణాలని ఏ గ్యాసు ఎంత పీల్చుకుంటుందో పరికరం కట్టి మరీ కొలిచాడు. అంటే ఇది నిన్నా మొన్నా పుట్టిన సిద్ధాంతం కాదు.

ఆయన్నుంచి వచ్చిన జవాబు: "పాత పేర్లు చెప్పి బెదిరించకు. లక్షలో 42 అంటే నాకు ఇంకా చిన్నదిగానే కనిపిస్తోంది."

అప్పటికి మూడు రోజుల ముందే, నీడ గురించి ఆయనే నాకొక పాఠం చెప్పి ఉన్నారు. ప్యానెల్లో సెల్స్ అన్నీ దండలో పూసల్లా ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయట. ఒక సెల్ మీద నీడ పడితే దానిగుండా వెళ్ళాల్సిన కరెంటు తగ్గి, మొత్తం దండని అదే లాగేస్తుంది. అందుకని వెనక బైపాస్ డయోడ్లు పెడతారు. అవి ఆ వరసని తప్పించి మిగతా వరసల కరెంటుని పోనిస్తాయి. మామూలుగా ఒక ప్యానెల్‌కి మూడు వరసలు కాబట్టి, అరచేయంత నీడకి మూడో వంతు ప్యానెల్ పడుకుంటుంది. నేను అదే తిప్పి రాశాను: "అరచేయంత నీడ మూడో వంతు ప్యానెల్‌ని పడుకోబెడితే, లక్షలో 42 ఏమీ చేయలేదని ఎలా అంటారు?"

"పోలిక బాగుంది. రుజువు కాదు," అని వచ్చింది. నాకు ఒళ్ళు మండింది గానీ, ఆయన అన్నది కరెక్టే. పోలికతో వాదన గెలిచిందనుకోవడం నా పాత జబ్బు.

తర్వాత నాలుగు రోజులు మౌనం. అయిదో రోజు పొద్దున ఆరింటికి ఒక ఫోటో వచ్చింది, పసుపు పట్టిన నోట్ పుస్తకంలో పేజీ. దాని కింద ఇలా రాశారు. "రాత్రి గుర్తొచ్చింది. ఫర్నేస్‌లో మంట నుంచి నీళ్ళ ట్యూబులకి వేడి ఎంత చేరుతుందో లెక్కేసేటప్పుడు గ్యాసుల రేడియేషన్ కూడా కలుపుతాం. దానికి హాటెల్ చార్టులని ఉంటాయి. కార్బన్ డయాక్సైడ్‌కి ఒక చార్టు, నీటి ఆవిరికి ఒక చార్టు. నైట్రోజన్‌కి చార్టు లేదు. ఎందుకంటే సున్నా. ఇన్నేళ్ళు ఆ చార్టులు చూసి లెక్కలేశాను. గాల్లో ఉన్న గ్యాసూ అదే గ్యాసని ఎప్పుడూ అనిపించలేదు."

ఆ మెసేజ్ నేను చాలాసార్లు చదివాను. నేను చదివి చెప్పిన పదిహేను వ్యాసాలు చేయని పని ఆయన సొంత చేతిరాత చేసింది. నిజం చెప్పాలంటే కొంచెం ఈర్ష్య కూడా కలిగింది.

ఆ ఊపులో నేను గై కాలెండర్ గురించి పంపాను. వృత్తి రీత్యా అతను ఆవిరి ఇంజినీరు. ఖాళీ సమయంలో ప్రపంచంలో 147 చోట్ల నుంచి ఉష్ణోగ్రత రికార్డులు పోగుచేసి, చేత్తోనే లెక్కలు కట్టి, భూమి వేడెక్కుతోంది, బొగ్గు కాల్చడం దానికి ఒక కారణం అని 1938లో లండన్‌లో వాతావరణ శాస్త్రజ్ఞుల ముందు పెట్టాడు. వాళ్ళు పెద్దగా నమ్మలేదు. ఇంకో తమాషా ఏంటంటే, ఇలా వేడెక్కడం మంచిదేనని, మంచుయుగం మళ్ళీ రాకుండా ఆపుతుందని కాలెండర్ అనుకున్నాడు. బాబాయ్ గారికి ఈ కథ ఎంత నచ్చిందంటే, "ఆవిరి ఇంజినీరా!" అని ఒక్క మాట పంపి, రెండు రోజుల తర్వాత "మా వాడు" అని ఇంకో మెసేజ్ పెట్టారు.

అయితే ఇంతటితో ఒప్పుకున్నారనుకుంటే పొరపాటు. గ్యాసు వేడిని ఆపుతుందని ఒప్పుకోవడం వేరు, గాల్లో పెరిగింది మన చిమ్నీలదేనని ఒప్పుకోవడం వేరు. "అగ్నిపర్వతం మీద కూర్చుని కార్బన్ డయాక్సైడ్ కొలుస్తారట! అంతకన్నా మంచి చోటు దొరకలేదా?" అని అడిగారు. హవాయి దీవుల్లో మౌనా లోవా అనే అగ్నిపర్వతం గురించి ఆ మాట. చార్లెస్ కీలింగ్ అనే శాస్త్రజ్ఞుడు 1958లో అక్కడ కొలవడం మొదలుపెట్టినప్పుడు పది లక్షల్లో దాదాపు 315 ఉండేది, 2013 మే నెలలో మొదటిసారి 400 దాటింది, ఇప్పుడు 420 పైన. అగ్నిపర్వతం వైపు నుంచి గాలి వీచినప్పుడు తీసిన రీడింగులు పక్కన పడేస్తారు. పైగా దక్షిణ ధ్రువంలో కూడా అదే కాలం నుంచి కొలుస్తున్నారు, అక్కడా అదే పెరుగుదల. నేను ఈ మాట రాస్తే ఆయన, "రెండు చోట్ల మీటర్లూ ఒకే మాట చెబితే నమ్ముతాను. నువ్వు పుస్తకాలు సరిచూసేదానివి కదా, ఖాతా వేసి చూపించు" అన్నారు.

ఇది మాత్రం నా రంగం. ఒక ఆదివారం కూర్చుని వేశాను. బొగ్గు, చమురు, గ్యాసు కాల్చి ప్రపంచం ఏటా వదిలేది సుమారు 3,700 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్. గాల్లో పది లక్షల్లో ఒక భాగం పెరగాలంటే దాదాపు 780 కోట్ల టన్నులు కావాలి. భాగిస్తే ఏటా 4.7 పెరగాలి. కానీ నిజంగా పెరుగుతున్నది సుమారు 2.5. అంటే మనం వేసినదాంట్లో సగమే గాల్లో నిలబడింది, మిగతాది సముద్రం, చెట్లు పీల్చుకున్నాయి. అడవులు నరికినందువల్ల వచ్చేది ఇందులో కలపనేలేదు. జమ కన్నా నిల్వ తక్కువగా ఉందంటే, బయటినుంచి ఇంకెవరో తెచ్చి రహస్యంగా వేస్తున్నారనడానికి చోటు లేదు. ఎవరో తీసుకెళ్తున్నారు, అంతే.

ఆ తర్వాత అసలైన ముక్క దొరికింది. కీలింగ్ కొడుకు రాల్ఫ్ కీలింగ్ 1980ల చివర నుంచి గాల్లో ఆక్సిజన్‌ని కొలుస్తున్నాడు. అది కొద్దికొద్దిగా తగ్గుతోంది. సముద్రమో అగ్నిపర్వతమో కార్బన్ డయాక్సైడ్ వదిలితే ఆక్సిజన్ ఇలా తగ్గనవసరం లేదు. ఏదైనా మండితే తగ్గుతుంది.

దీనికి ఆయన స్పందించిన తీరు నేను ఊహించలేదు. ఫోన్ పక్కన పెట్టి, మెట్లు దిగి, గేటు తీసుకుని మా ఇంటికే వచ్చారు. చేతిలో పాత చెక్క పెట్టె. మా నియమం ప్రకారం ఈ విషయం మాట్లాడకూడదు కాబట్టి ఏమీ మాట్లాడకుండా మూత తీసి చూపించారు. లోపల గాజు బురెట్, దానికి తగిలించిన మూడు గాజు బుడ్లు, రబ్బరు ట్యూబు, ఒక సీసా. రిటైరైన రోజు ప్లాంటులో పక్కన పడేస్తుంటే అడిగి తెచ్చుకున్నారట. చూపించి, మూసి, వెళ్ళిపోయారు. ఇంటికెళ్ళాక మెసేజ్ పెట్టారు.

"దీన్ని ఆర్సాట్ అంటారు. చిమ్నీకి పోయే గ్యాస్ నూరు పాళ్ళు ఈ బురెట్‌లోకి లాగుతాం. సీసా పైకెత్తితే గ్యాస్ మొదటి బుడ్డిలోకి పోతుంది. అందులో కాస్టిక్ పొటాష్. కార్బన్ డయాక్సైడ్‌ని అది మింగేస్తుంది. సీసా దించి మళ్ళీ బురెట్‌లో చూస్తే 87 మిగిలిందనుకో, 13 శాతం అన్నమాట. రెండో బుడ్డి ఆక్సిజన్‌ని మింగుతుంది. మూడోది కార్బన్ మోనాక్సైడ్‌ని. కార్బన్ డయాక్సైడ్ పెరిగి ఆక్సిజన్ తగ్గితే మంట బాగా మండుతోందని అర్థం. ప్రతి షిఫ్టుకీ ఇదే రాసేవాణ్ణి. నువ్వు చెప్పినదాన్ని బట్టి ఆ తండ్రీకొడుకులు భూమికి ఆర్సాట్ పెట్టారన్నమాట."

కాసేపటికి ఇంకోటి: "మాకు 13 ఉంటే షిఫ్ట్ ఇన్‌చార్జి మెచ్చుకునేవాడు. 10కి పడితే తిట్లు, అనవసరంగా గాలి ఎక్కువ పంపి వేడి చిమ్నీలో పోగొడుతున్నామని. కార్బన్ డయాక్సైడ్ శాతం ఎక్కువ చూపించడమే మా ఘనత. ఏం చెప్పమంటావు."

ఇక్కడ నేను తొందరపడ్డాను. ఆయన కదిలిపోయిన సమయంలో మెల్లగా ఉండాల్సింది పోయి, బొగ్గు ప్లాంట్లన్నీ వెంటనే మూసేయాలని, వాటిని నడిపేవాళ్ళు ప్రాణాలు తీస్తున్నారని అర్థం వచ్చే ఒక వ్యాసం ఫార్వర్డ్ చేశాను. చదవకుండా పంపాననడం అబద్ధం, చదివే పంపాను. జవాబు రావడానికి ఒక రాత్రి కూడా పట్టలేదు. ఆయన పెట్టిన నియమాన్ని ఆయనే మొదటిసారి తప్పారు.

"ఒక రాత్రి యూనిట్ ట్రిప్ అయింది. చుట్టుపక్కలంతా చీకటి. పొద్దున నాలుగింటికి లైటప్ చేశాం, తొమ్మిదికి కరెంటు ఇచ్చాం. ఆ అయిదు గంటలూ ఒక్కరం కూర్చోలేదు. అంతకు ముందూ ఆ తర్వాతా ఆపరేషన్ టేబుల్ మీద ఉన్నవాడు ఎవరి కరెంటుతో బతికాడమ్మా? నువ్వు చదువుకున్న రాత్రుళ్ళు ఎవరి కరెంటు? తప్పు చేశామంటే తెలియక చేశాం. హంతకులమంటే ఇక మాట్లాడను."

మూడు రోజులు ఏం రాయాలో తెలియలేదు. రాయడం, చెరిపేయడం. "మీ పని తప్పని నేననలేదు" అని రాసి చెరిపాను, ఎందుకంటే అన్నాను. గ్రూపులో అరవై మంది ముందు అన్నాను, ఇప్పుడు ఒక ఫార్వర్డ్ చేత మళ్ళీ అనిపించాను. చివరికి ఆయన నియమం ప్రకారమే వెళ్ళాను. ఆయన చెప్పినదాన్ని నా మాటల్లో రాశాను: "బొగ్గు కరెంటు వల్ల లక్షలమంది బతుకులు బాగుపడ్డాయి. ఆ పని చేసినవాళ్ళు కష్టపడి, నిజాయితీగా, అప్పుడు తెలిసినంతలో చేశారు. ఇప్పుడు దాని ఇంకో ఖర్చు బయటపడితే, వాళ్ళని నిలబెట్టి తిట్టడం న్యాయం కాదు. ఇదేనా మీరన్నది?" దాని కింద, గ్రూపులో అన్న మాటకి క్షమాపణ రాశాను. అది అప్పటిదాకా చెప్పలేదు. "రెండూ వదిలేద్దాం" అని ఆయన అన్నారు కదా అని నేనూ తెలివిగా వదిలేశాను.

"అదే నేనన్నది" అని వచ్చింది. ఇంకేమీ లేదు. ఒక వారం తర్వాత మామూలు ప్రశ్న వచ్చింది, మంచుయుగాల గురించి.

నిజానికి ఈ ఏడు నెలల్లో నేను ఒప్పుకోవాల్సి వచ్చినవీ తక్కువేం కావు. తుఫాను సంగతి చూడండి. ఆ ఒక్క తుఫాను భూతాపం వల్లే వచ్చిందని గ్రూపులో కుండ బద్దలుకొట్టినట్టు చెప్పాను కదా, "లెక్క చూపించు" అన్నారు. వెతికాను. వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన శాస్త్రజ్ఞుల సంఘం ఐపీసీసీ 2021 నివేదికలో చెప్పేది నేనన్నదానికన్నా చాలా జాగ్రత్తగా ఉంది. ప్రపంచం మొత్తం మీద తుఫానుల సంఖ్య పెరుగుతోందని చెప్పడానికి స్పష్టమైన ఆధారం లేదు, తీవ్రమైన తుఫానుల వాటా మాత్రం గత నలభై ఏళ్ళలో పెరిగి ఉండొచ్చు. వడగాడ్పులు, కుండపోత వానల విషయంలో అయితే నమ్మకం బాగా ఎక్కువ. ఒక్కో డిగ్రీకి గాలి దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది మరి. కానీ నేను తుఫాను అన్నాను, వడగాడ్పు అనలేదు. ఒప్పుకున్నాను.

హిమాలయాల మంచు 2035కల్లా కరిగిపోతుందని ఐపీసీసీ 2007 నివేదికలో రాసిందని, అది తప్పని 2010లో వాళ్ళే ఒప్పుకున్నారని కూడా ఆయన ఎక్కడో చదివి పట్టుకొచ్చారు. నిజమే. నేను ఇచ్చిన జవాబు ఆడిట్ జవాబు: తప్పు ఎంట్రీ దొరికితే అది కొట్టేస్తాం, దాని చుట్టుపక్కలవి మళ్ళీ చూస్తాం, మొత్తం పుస్తకాలు తగలబెట్టం. "చుట్టుపక్కలవి చూశారా మరి?" అని వెంటనే అడిగారు. బయటివాళ్ళతో వాళ్ళ పనితీరునే సమీక్ష చేయించుకున్నారు, కాబట్టి చూశారనే చెప్పాను. ఆయనకి అది సగమే నచ్చింది.

వేడెక్కడానికి సూర్యుడే కారణం కావచ్చు కదా అన్న ప్రశ్న తొందరగా తేలిపోయింది. సూర్యుడే ఎక్కువ కాస్తుంటే గాలి పొరలు కిందా పైనా కూడా వేడెక్కాలి. కింద వేడెక్కుతోంది, పైన స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. ఇలా జరుగుతుందని మనాబే అనే వాతావరణ శాస్త్రజ్ఞుడు 1967లోనే లెక్క కట్టాడు, 2021లో నోబెల్ వచ్చింది. బాబాయ్ గారు దీన్ని ఫర్నేస్ భాషలోకి మార్చుకున్నారు, "వేడి లోపలే ఆగితే చిమ్నీ చల్లబడుతుంది" అని. అచ్చంగా అదే కాదు గానీ, నేను సరిదిద్దలేదు. ఆయన చేత "పోలిక, రుజువు కాదు" అనిపించుకున్న రోజు గుర్తొచ్చి నవ్వుకున్నాను.

మిగిలిన తగవులు మిగిలే ఉన్నాయి. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే ఎంత వేడెక్కుతుందన్నది ఒకటి. 1979లో అమెరికా సైన్స్ అకాడెమీ కమిటీ 1.5 నుంచి 4.5 డిగ్రీలంది. 2021కి ఐపీసీసీ దాన్ని 2.5 నుంచి 4 మధ్యకి కుదించింది. "నలభై ఏళ్ళు పట్టిందా? ఇంత మార్జిన్‌తో బాయిలర్ డిజైన్ చేస్తే ఉద్యోగం పీకేస్తారు," అంటారు. తెలియనప్పుడే కదా బాయిలర్‌కి సేఫ్టీ వాల్వ్ పెడతారు అన్నాను. "సేఫ్టీ వాల్వ్ ప్రెషర్ దాటాకే లేస్తుందమ్మా, ముందు కాదు. అయినా నీ పాయింటు అర్థమైంది."

రెండోది, సాయంత్రం ఏడు గంటల గొడవ. జనం దీపాలేసుకునే వేళకి సూర్యుడు ఉండడు. బ్యాటరీల ఖర్చు 2010తో పోలిస్తే సుమారు పదో వంతుకి పడిందని నేను, వారం రోజులు మబ్బు పడితే ఎన్ని బ్యాటరీలు కావాలో లెక్కేశావా అని ఆయన. నేను అణు విద్యుత్ మాట ఎత్తితే ఆయనకి సంతోషం, నాకు భయం. అక్కడ ఇద్దరం సీట్లు మార్చుకుంటాం. బొగ్గు ప్లాంట్లు పదేళ్ళలో మూయాలని నేను, మూయబోయేముందు వాటిలో పనిచేసేవాళ్ళకి ఏం చెబుతావని ఆయన. ఈ ప్రశ్నకి నా దగ్గర మంచి జవాబు ఇప్పటికీ లేదు.

అనుకోకుండా ఒక్కటైంది మాత్రం ఎవరు భరించాలన్న దగ్గర. వదిలిన కార్బన్ డయాక్సైడ్‌లో కొంత భాగం వేల ఏళ్ళు గాల్లోనే ఉంటుంది. కాబట్టి మొదటగా పరిశ్రమలు పెట్టినవాళ్ళు ఎప్పుడో కాల్చింది కూడా ఇంకా నెత్తిమీదే ఉంది. బాధ్యత అందరిదీ గానీ అందరికీ సమానం కాదని 1992 ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందంలోనే దేశాలు రాసుకున్నాయి. ఇది చెప్పినప్పుడు ఆయన, "ఈ మాట ముందే చెప్పి ఉంటే సగం గొడవ ఉండేది కాదు కదా" అన్నారు. నేను ముందు చెప్పాల్సింది గ్యాసుల గురించి కాదేమో. ఏమో.

కాలనీ గ్రూపులో ఈ విషయం మళ్ళీ మొన్న వచ్చింది. ఎవరో కుర్రాడు ఒక పెద్దాయన్ని పట్టుకుని పేలాడు. నేను ఏదో రాయబోతుండగా బాబాయ్ గారు రాశారు: "బాబూ, ఆయన ఏమన్నారో నీ మాటల్లో ఒకసారి రాయి." ఆ కుర్రాడు రాయలేదు, గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. అన్నిసార్లూ పనిచేయదన్నమాట.

ఇక చెట్టు. కొమ్మ కొట్టలేదు. బాబాయ్ గారే ఒక శనివారం కాగితం, స్కేలు పట్టుకుని మా డాబా ఎక్కి, గంటగంటకీ నీడ ఎక్కడ పడుతోందో సుద్దముక్కతో గీశారు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం అయిదున్నర దాకా. ఆ గీతలు చూసి, రెండు ప్యానెళ్ళని ట్యాంకు వెనక్కి జరిపించి, వాటి వైరింగు మిగతావాటితో కలపకుండా విడిగా ఇన్వర్టర్‌కి ఇప్పించారు, నీడ పడినా పక్కవాటిని లాగకుండా. వచ్చిన ఎలక్ట్రీషియన్‌కి ఎలా బిగించాలో నిలబడి చెప్పారు. పాపం ఆ అబ్బాయి ఒక్క మాట ఎదురు చెప్పలేదు.

నిన్న సాయంత్రం మెసేజ్ వచ్చింది. ఆయన వాళ్ళ డాబా మీంచి తీసిన ఫోటో, మా మూడో ప్యానెల్ మూలన వేలెడంత నీడ. కింద: "4:40. శీతాకాలం సూర్యుడు కిందికి దిగాడు, నేను లెక్కలో వేసుకోలేదు. ఆ ఒక్క రెమ్మా నేను తీయిస్తాను. ఈలోగా, సముద్రం ఎంత వేడి మింగిందో నీ లెక్క పంపుతానన్నావు, పదిరోజులైంది."